ఎడమ చెయ్యి ఒకటే

అనంతపురం, సాయినగర్, 2007 ఏప్రిల్. మేడ మీద చర్మవ్యాధుల క్లినిక్. బల్లకు ఒకవైపు లేజర్ మిషన్ నడిపే హబీబా. రెండోవైపు బెళుగుప్ప నుంచి వచ్చిన నరసింహప్ప, ఆయన భార్య హనుమంతమ్మ.

"ఎడమ చెయ్యి ఒకటేనా పెద్దాయనా?"

"ఒకటే పాపా. మోచేతి నుంచి మణికట్టు దాకా."

"మరి కుడిది?"

"కుడిదానితో నాకు పని లేదు."

"చేయించుకునేవాళ్లు రెండూ చేయించుకుంటారు. ఒకటి నున్నగా, ఒకటి వెంట్రుకలతో..."

"అడుగు పాపా, బాగా అడుగు. బెళుగుప్పలో బస్సెక్కినప్పటి నుంచీ నేను అదే అడుగుతాండా. మనవరాలుండే మనిషికి ఒక చేతికి సోకు. అట్లాంటి సోకు యాడన్నా ఉండాదా?"

"మే, నిన్ను రావద్దంటి. వచ్చినావు. వచ్చినదానివి గమ్మున కూర్చో."

"గమ్మున కూర్చుంటే ఇది ఎవురికోసరమో నాకెట్ల తెలుస్తాది?"

"ఎవురికోసరమా? నాకోసరం!"

"నీ చెయ్యి నువ్వు ఇన్నేండ్లు చూసుకోలేదా? ఇప్పుడు చూసేదెవురు?"

"అమ్మా, మీరు కొంచెం ఆగండి. పెద్దాయనా, ఆ కుడిచెయ్యి ఇట్ల తిప్పండి. ఈడ బోడిగా ఉండాదే? ఎర్రగా కూడా ఉండాది."

"అదా... అది నిన్న."

"నిన్న ఏమైంది?"

"నిన్ననా? నిన్న నువ్వు మోటరు రిపేరుకని గదా అనంతపురం వచ్చినావు? మోటరు ఇంట్లో పెట్టి మోటరు రిపేరుకి పోతాండాడే అని అప్పుడే అనుకున్యా."

"మే, ఆగు. పాపా, నిన్న టవర్ క్లాక్ కాడ ఆడోళ్ల పార్లర్ ఒకటి కనపడింది. ఎంట్రుకలు తీస్తారా అంటే తీస్తాం అనింది. మైనం కాంచి పూసింది. గుడ్డ అంటించింది. ఒక్క గుంజు గుంజింది."

"అరిచినారా?"

"నేను అరిచింది పెద్ద పని కాదు. పక్కన పెండ్లికూతురు ఒకామె మొగానికి ఏదో పూయించుకోని పండుకోనుండె. ఆమె ఆ మొగంతోనే బజార్లోకి పరిగెత్తింది."

"సరే, ఎడమచేతివి తీయించాలని పోయి కుడిచెయ్యి ఎందుకిచ్చినారు?"

"కొత్త బోరు బండోడు వస్తే మంచి చేన్లో దింపనిస్తామా? ముందు గట్టుమీద దింపి చూస్తాం. మళ్లా ఎన్నాళ్లకు మొలుస్తాయి అని అడిగితే నెలకి అనింది. గొరిగించుకుంటే మూడునాళ్లకి వస్తాయి, మైనం పెడితే నెలకి వస్తాయి. నాకు రానేకూడదు."

"అందుకని ఈడికి వచ్చినారు."

"ఈడికి కాదు. మధ్యలో ఇంగోచోటికి పోతి. లేజరు అని పెద్ద బోర్డు. ఒకాయన కుర్చీలో ఉండె. ఒక్క దెబ్బకి పోతాయి, జన్మలో రావు, నాది గ్యారంటీ అన్నాడు."

"ఎండలో తిరుగుతారా అని అడిగినాడా?"

"లేదు."

"ఏమన్నా మాత్రలు మింగుతాండారా అని?"

"లేదు."

"గాయమైతే మచ్చ ఉబ్బుతాదా అని?"

"చెయ్యే చూడలేదు పాపా. పండుకో అన్నాడు."

"పండుకున్నారా?"

"పండుకుంటానా? నేల చూడకుండా దింపుదాం అనేవాన్ని నేను నమ్మను. ఆ పనిలో ఉండేవాన్ని గదా నేను."

"ఏ పనిలో?"

"...సేద్యం."

"సేద్యమంట! చెప్పప్పా, ఊరంతా ఎరిగిందే గదా. పాపా, ఈయన నీళ్ళు చూస్తాడు. బోరు యాడ వేయాలనో పాయింటు పెడతాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకోని చేన్లో నడిస్తే, నీళ్ళుండే కాడ కాయ లేచి నిలబడతాది."

"అవునా పెద్దాయనా?"

"అదిప్పుడు ఎందుకులే. నీది యా ఊరు పాపా?"

"బుక్కరాయసముద్రం."

"ఇంగేమి! చెరువు పక్కనే. మీకు నీళ్ళకేం తక్కువ."

"చెరువు ఉండాది. సరే, మా పద్ధతి చెప్తా వినండి. ముందు డాక్టరమ్మ చూడాల. ఆమె మధ్యాహ్నం వస్తాది. ఆమె సరే అంటే మోచేతికాడ చిన్న తావులో వెలుగు కొట్టి చూస్తాం. కొన్నాళ్లు ఆగి, చర్మం కాలకుండా ఉంటే మిగతాది. నెలకోసారి వచ్చిపోతాండాల, ఏడెనిమిదిసార్లు. అప్పటికీ అన్నీ పోతాయని నేను చెప్పను. పలచబడతాయి. ఏడాదికో రెండేండ్లకో కొన్ని మళ్లా రావచ్చు."

"గ్యారంటీ లేదా?"

"లేదు."

"అయితే నువ్వు మంచిదానివి. లోతు ఎంత పోతాది?"

"ఏది?"

"ఆ వెలుగు."

"వేరు దాకా. బియ్యపుగింజంత లోతు."

"మధ్యలో రాయి తగిల్తే?"

"చేతిలో రాయి ఉండదు పెద్దాయనా."

"మా పక్క అరచెయ్యి తవ్వినా ఉంటాది. చెప్పు, చెప్పు."

"వెలుగు నలుపును పట్టుకుంటాది. నల్ల వెంట్రుకలో దిగి వేరును కాలుస్తాది. మీకేమో ఎండకు చర్మం కూడా నల్లబడింది. తెలియనోళ్లు కొడితే ఆ వేడి చర్మానికే తగిలి బొబ్బలొస్తాయి. తెలిసినోళ్లు చర్మం చూసి వేడి తగ్గిస్తారు, ఎండలో తిరిగేవాళ్లను ఆగమంటారు, ఒక్కోసారి నీకు వద్దని పంపించేస్తారు. అందుకే ఇన్ని అడిగేది. ఏమీ అడగకుండా పండుకోమనేవాళ్ల కాడికి పోవద్దు."

"నాయమే. మరి తెల్లవి?"

"తెల్లవి పోవు."

"పోవా?"

"వెలుగుకు తెల్లవి కనపడవు. మీకు ఓ పది ఉంటాయి, అంతే గదా. ఉంటే ఏమైతాది?"

"ఒక్కటి ఉన్నా చాలు పాపా. ఒక్కటి ఉన్నా వాడు నన్ను వదలడు."

"వాడా? వాడు అన్నావా?"

"గమ్మునుండు మే."

"వాడు అన్నాడు పాపా, నువ్వు ఇన్నావు గదా. అంటే ఆడమనిషి కాదు. అబ్బ! దేవుడు చల్లగా చూసినాడు. ఇంగ ఎవురన్నా కానీ, నాకు బాధ లేదు."

"ఆదెన్న."

"ఆదెన్నా? మన అల్లుడా? నీ చేతి ఎంట్రుకలతో అల్లునికేం పని?"

"మే, నువ్వు అరవద్దు. ఇది క్లినిక్కు."

"అరవను. చెప్పు."

"కొబ్బరికాయ లేసేది... దానంతట అది లేసేది కాదు. నేను లేపేది."

"ఏమీ?"

"ఎడమ చేతిమీద ఎంట్రుకలు లేస్తాయి నాకు, నీళ్ళుండే కాడ. మా నాయనకీ అట్లనే. అవి లేసినాక నేను కాయను బొటనవేలితో నిలబెడతా. జనం చూసేదానికి ఏదో ఒకటి ఉండాల గదా. ఎంట్రుక లేసింది, ఈడ బోరు వెయ్ అంటే ఎవురు వేస్తారు?"

"ముప్పై ఏండ్లు! ముప్పై ఏండ్లు ఆ కొబ్బరికాయలు నేను మోసినా పాపా. పీచు తీసి, పసుపు పూసి, గుడ్డలో కట్టి, చేన్ల గట్లమీద ఈయన ఎనక మోసినా. కాయ కింద పడితే అరిష్టమని ఇట్ల, బిడ్డను ఎత్తుకున్నట్ల!"

"మే..."

"కట్టుకున్నదానికి చెప్పలేదు. అల్లునికి చెప్పినావు!"

"కల్లంగడి కాడ నోరు జారినా."

"అమ్మా, నీళ్ళు తాగండి. కొంచెమే ఉండాయి, ట్యాంకరు ఇంకా రాలేదు. పెద్దాయనా, అల్లుడు ఏమంటాడు?"

"శుక్రవారానికి బోరు బండి మాట్లాడినాడు. నేను పాయింటు పెట్టాలంట. వానికి రెండు ఆవులుండాయి, బోరు ఖర్చుకని బేరం అయిపోయింది. నేను చెయ్యి చూపిస్తే తోలుకోనిపోతారు. మా బిడ్డ సంసారం ఆ పాలమీదనే నడుస్తాండాది. ఆ చేను చుట్టూ ఎన్ని బోర్లు వేసినారో అన్నీ దుమ్మే. ఆడ నీళ్ళు లేవు పాపా. దానికి నా చెయ్యి కూడా అక్కరలేదు, కండ్లుంటే చాలు."

"లేవని చెప్పండి."

"చెప్పినా. చెప్తే మా లక్ష్మీదేవి ఏమనిందో తెలుసా? ఊర్లో అందరి చేన్లలో నీకు నీళ్ళు కనపడతాయి, కూతురి చేన్లో కనపడవా నాయనా అనింది. ఏడ్చింది."

"నాకు చెప్పలే అది కూడా."

"ఏమని చెప్పేది? చెయ్యి గొరిగించుకున్యా, ఇప్పుడు తెలియదు అని ఆదెన్నకి అబద్ధం చెప్పి చూసినా. మొలిచేదాకా ఆగుతాలే మామా అన్నాడు. బండోనికి కూడా అదే చెప్పినాడంట. రోజూ ఫోన్ చేసి అడుగుతాండాడు, మామా మొలిచినాయా, మామా మొలిచినాయా అని. శనక్కాయ మొలకని కూడా ఎవురూ అట్ల అడగరు."

"అందుకని వేరుతో సహా తీయించాలనుకున్నారు."

"మొలవవు అంటే ఆగుతాడు గదా."

"ఆగుతాడా? నీ చెయ్యి బోడిదైతే ఓబుళేసు లేడా? వేపమండ పట్టుకోని సాయంత్రానికే వచ్చేస్తాడు."

"ఓబుళేసా! వానికి ట్యాంకరు ఎదురుగా వచ్చినా నీళ్ళు కనపడవు!"

"ఓబుళేసు ఎవరమ్మా?"

"ఇంగో పాయింటు చెప్పేవాడు పాపా. వాని వేపమండ ప్రతి చేన్లోనూ వంగుతాది. ఈ చేన్లో లేదు అని పుట్టినప్పటి నుంచీ ఒకరికీ చెప్పలేదు."

"నిన్న పండుకోమన్న లేజరాయన మాదిరి."

"అవ్ను, అచ్చం వాని మాదిరే. చూస్తివా అప్పా? నువ్వు చెయ్యి కాల్చుకుంటే అల్లుడు ఆడికి పోతాడు. ఆవులూ పోతాయి, నీ చెయ్యీ పోతాది."

"అయితే నన్నేం చేయమంటావు మే?"

"పెద్దాయనా, ఒక నిమిషం. ఆ చెయ్యి ఇటు చాపండి."

"ఏమైంది?"

"లేసినాయి."

"ఏవి?"

"వెంట్రుకలు. అన్నీ."

"మే! మే, చూడు! తెల్లవి కూడా లేసినాయి!"

"ఈడనా? మేడ మీదనా?"

"కింద ఉండాది గంగ! ఇంత జోరుగా నేను యా చేన్లోనూ చూడలే. పాపా, ఈ బిల్డింగు ఎవురిది? ఈడ గాన బోరు వేస్తే..."

"ఈ బిల్డింగు కింద బోరు ఉండాది పెద్దాయనా. పోయిన ఎండాకాలమే ఎండిపోయింది. ట్యాంకరు పోయించుకుంటాండేది ఎందుకనుకున్నారు?"

"మరి ఇవి లేసినాయి గదా!"

"ఏసీకి."

"దేనికి?"

"మీ నెత్తిమీద ఆ డబ్బా చూడండి. చల్లగాలి వస్తాండాది. మీరు ఎండలోంచి వచ్చినారు, చొక్కా చెమటకు తడిసి ఉండాది. చలిపెడితే ఎవరికైనా లేస్తాయి. నావి చూడండి."

"నావి కూడా లేసినాయి! అప్పా, నాక్కూడా నీళ్ళు తెలుస్తాండాయి!"

"మే, నగవద్దు. పాపా, ఆ గాలి ఆపు."

"ఆపినా."

"...పండుకున్యాయి."

"ఇప్పుడు వేస్తా చూడండి."

"...లేసినాయి. మళ్లా ఆపు."

"పెద్దాయనా, ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. మిషన్ పాడైతే డాక్టరమ్మ నన్ను అంటాది."

"ఒక్కసారి."

"ఆపినా. మీరు చేన్లో ఎప్పుడు నడుస్తారు?"

"తెల్లారకముందే. తలమీద నీళ్ళు పోసుకోవాల, తుడుచుకోకూడదు. తడిపంచె, పైన గుడ్డ లేకుండా నడవాల. మా నాయన నేర్పిన పద్ధతి."

"అప్పుడు గాలి ఉంటాదా?"

"గాలి లేనిదెప్పుడు మా బెళుగుప్పలో? తెల్లారితే... తెల్లారితే..."

"ఏమప్పా, మాట ఆపినావు?"

"చలిగాలి తగిలిన కాడల్లా నేను నిలబడినాను మే."

"అట్లనుకోవద్దు పెద్దాయనా. నీళ్ళు పడినవి కూడా ఉండాయి గదా."

"ఉండాయి. పడినోళ్లు ఉగాదికి బెల్లం పంపిస్తారు."

"పడనోళ్లు?"

"పడనోళ్లు బెంగళూరు కూలికి పోయినారు."

"మోగుతాండాది నీ ఫోను. జేబీలో."

"వాడే. ఆదెన్న. నువ్వెత్తు మే."

"నీ అల్లుడు, నువ్వే ఎత్తు. ఉన్నదున్నట్లు చెప్పు."

"ఆఁ, అల్లుడూ... అనంతపురంలో ఉండా... మొలిచినాయి, మొలిచినాయి గానీ నా మాట ఇను. నా చేతి ఎంట్రుకలు నీళ్ళకి లేసేవి కాదు, చలికి లేసేవి... చలికి! ఇప్పుడే తెలిసింది. ఏసీ గదిలో కూర్చోనుండా, ఈడ కూడా లేసినాయి... ఆఁ, అన్నీ... మేడ మీద... లేదప్పా, కింద నీళ్ళు లేవు... ఎండిపోయిన బోరు... ఆదెన్నా, నేను చెప్పేది అది కాదు..."

"ఏమంటాడు?"

"ఈ బిల్డింగు యాడుండాదో అడుగుతాండాడు."

"నమ్మలేదా పెద్దాయనా?"

"మేడ మీదికి కూడా నీళ్ళు అందుతాండాయంటే మామ చెయ్యి ఇంకా పదునెక్కింది అంటాడు. ఎండిన బోరు పక్కనే ఇంకో ధార ఉంటాదంట, వాళ్లకు తెలియలేదంట. రేపే బండి పిలుస్తాడంట!"

"ఇటియ్యి ఫోను. ఆదెన్నా, నేను మీ అత్తను. మాట్లాడొద్దు, ఇను. మొన్న తెల్లారి మీ మామ నీకు తెలియకుండా నీ చేన్లో నడిచినాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా. తలకి పోసుకోని, తడిపంచెతోనే... ఒక్క ఎంట్రుక లేయలేదు... ఒక్కటి కూడా. నువ్వు బాధపడతావని ఈడికి వచ్చి దాక్కోనుండాడు... ఓబుళేసా? మామ చెయ్యి పండుకున్న చేన్లో ఓబుళేసు మండ నమ్ముతావా నువ్వు?... ఆఁ... ఆఁ... బండోనికి ఇప్పుడే చెప్పు. ఆవుల బేరగానికి కూడా చెప్పు... లక్ష్మీదేవికి నేను చెప్తా. పెట్టు."

"ఏమన్నాడు మే?"

"బండి వద్దంట. ఆవులు అమ్మడంట. ముందే చెప్పింటే సరిపోయేది గదా అత్తా అన్నాడు."

"మొన్న తెల్లారి నేను ఇంట్లో నిద్రపోతాంటి గదా."

"ముప్పై ఏండ్లు కొబ్బరికాయతో నువ్వు చెప్పినావు. నేను ఫోన్లో ఒకటి చెప్పకూడదా?"

"అమ్మా, మీరు లేజర్ మిషన్ కంటే గట్టివాళ్లు."

"గ్యారంటీ కూడా ఇస్తా పాపా, మా ఇంట్లో ఇంగ కొబ్బరికాయ పచ్చడికే."

"అయితే పెద్దాయనా, డాక్టరమ్మ కోసరం కూర్చుంటారా, పోతారా?"

"ఇంగెందుకు పాపా? ఎంట్రుకలది ఏం తప్పు. ఉండనీ. ఇంగ నేను యా చేన్లోనూ నడవను. ఎవురు వచ్చి అడిగినా చలికప్పా, చలికి లేస్తాయి అని చెప్పి పంపిస్తా."

"మంచిది. కుడిచేతికి ఈ పూత రాసుకోండి, మంట తగ్గుతాది. ఎండలో పంచె కప్పుకోండి."

"నువ్వు సల్లగుండు పాపా. ఊర్లో ఎవురికన్నా ఎంట్రుకలు తీయించేది ఉంటే నీకాడికే పంపిస్తా. లేదని చెప్పే తావు ఇది ఒకటే కనపడింది. పద మే, బస్సు పోతాది."

"పెద్దాయనా."

"ఏమి?"

"ఏం లేదు... మా నాయన ఇల్లు కట్టిస్తాండాడు. బుక్కరాయసముద్రంలో, చెరువుకు ఇవతల. చెరువులో చుక్క లేదు. ఆదివారం బోరు బండి వస్తాది."

"పాపా, ఏసీ ఆపి, వేసి, ఆపి చూపించింది నువ్వు."

"నేనే."

"చలికి లేస్తాయని చెప్పిందీ నువ్వే."

"నేనే చెప్పినా. అమ్మా, ఒక్కసారి మా తావులో నడవమని మీరన్నా చెప్పండి. తలమీద పోసుకునేదానికి రెండు బిందెలు నేనే తెచ్చిపెడతా. తెల్లారకముందు మా వైపు గాలి కూడా బాగుంటాది."